గొడుగులాయన ఇల్లు చేరిన సినిమా

వాదిలో వరదొచ్చి కంపెనీ నీళ్ళ ట్యాంకరు కొట్టుకుపోయిన ఏడాది అది. డెబ్భై ఆరో, డెబ్భై ఏడో, ఇప్పుడు ఎవరినడిగినా సరిగా చెప్పరు. ట్యాంకరు పోయిన ఏడాది అంటే మాత్రం అందరికీ తెలుస్తుంది. వాది అంటే ఏడాది పొడుగునా రాళ్ళు తప్ప మరేమీ ఉండని ఏరు. నీళ్ళు మోసే బండిని నీళ్ళే మోసుకుపోవడం ఒమాన్‌లో మనవాళ్ళెవరూ అంతకుముందు చూసి ఉండలేదు.

ఆ ఏడాది ఒక శుక్రవారం పొద్దున జనార్దనరావు ఖురం వెళ్ళడానికి తయారవుతున్నాడు. అతనిది కాకినాడ. కంపెనీ స్టోర్సులో గుమాస్తా. ప్రతి శుక్రవారం తలంటుకుని, తెల్లచొక్కా తొడుక్కుని, గొడుగు పట్టుకుని బయల్దేరేవాడు. గొడుగు వానకు కాదు, కుక్కలకు. ఖురంలో కంపెనీ కొత్తగా కట్టించిన ఫ్యామిలీ క్వార్టరు ఒకటి ఖాళీగా ఉంది. దానికి తాళం. జనార్దనరావు కిటికీ దగ్గర నిలబడి లోపలి వంటగట్టు చూసేవాడు. దాని మీద కామేశ్వరి స్టవ్వు ఏ మూల పెడుతుందో, చిట్టి ఏ గుమ్మంలో కూర్చుని అన్నం తింటానని మారాం చేస్తుందో చూసుకుని తిరిగొచ్చేవాడు. ఆ ఇల్లు చేతికొస్తే గాని భార్యాబిడ్డలకు వీసా రాదు. అందుకని అతని భక్తంతా ఆ తాళం మీదే ఉండేది.

చెప్పులేసుకుంటుండగా గుమ్మంలోకి సత్యనారాయణమూర్తి వచ్చాడు. ఆయన కంపెనీలో మనుషుల వ్యవహారాలు చూసే మేనేజరు. గుంటూరు వైపు మనిషి. ఎవరింటికీ ఊరికే వచ్చే రకం కాదు.

"ఏవయ్యా జనార్దనరావు, ముస్తాబై ఉన్నావే. మంచిదయింది. పడమటి క్యాంపుకి వెళ్ళాలి నువ్వు."

"నేనాండీ? ఎందుకండీ?"

"సినిమా వెయ్యడానికి. మన ఆపరేటరుకి గవదలు లేచాయి. మొహం గుమ్మడికాయలా ఉంది."

జనార్దనరావు గొడుగు గోడకానించి కూర్చున్నాడు. పడమటి క్యాంపు ఇబ్రీ వైపు రోడ్డు వేస్తున్న చోట ఉంది. అక్కడికి పోయొచ్చిన వాళ్ళు చెప్పే కథలన్నీ అతను విన్నాడు. ఒంటెలు, తేళ్ళు, భుజాన తుపాకీ వేసుకుని మేకలు కాసే మనుషులు.

"నాకా మిషను సంగతి తెలీదండీ."

"డ్రైవరు ఫక్రుద్దీన్‌కి తెలుసు. నువ్వు కథ చెబితే చాలు. ఇంగ్లీషు బొమ్మ. పోయినసారి అర్థం కాక నానా గోల చేశారు. వరదలో దారి తెగి మూడు వారాలు ఉత్తరాల్లేవు, సినిమా లేదు. ఇవాళ కూడా బొమ్మ సరిగ్గా పడకపోతే రేపు డ్యూటీకి రామని కూర్చున్నారు మన కరీంనగర్ వాళ్ళు. పైగా ట్యాంకరు పోయాక క్యాంపుకి నీళ్ళిచ్చేది ఆ ఊరి షేకు. ఆయనా వస్తాడు. ఆయన మొహం చిట్లకూడదు."

"అక్కడ తుపాకులుంటాయటండీ."

"ఖురం క్వార్టరుకి ఇద్దరున్నారు," అన్నాడు మూర్తి, అడిగింది వినబడనట్టు. "సైటు మొహం చూడనివాడికి ఇల్లెలా ఇచ్చావని పైవాళ్ళడిగితే నేనేం చెప్పను? రేపు పొద్దున క్యాంపులో బళ్ళు కదిలితే తాళంచెవి నీది. కదలకపోతే రెండో ఆయనది."

జనార్దనరావు గొడుగు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.

సినిమా రీళ్ళు అల్ హైల్ గోడౌనులో, అంటే అతని పెత్తనం కిందే ఉన్నాయి. నాలుగు రేకు డబ్బాలు. వరద గోడౌనులోకి మోకాలి లోతు వచ్చినప్పుడు డబ్బాల మీద అంటించిన కాగితాలు ఊడిపోయాయి. మూతలు గట్టివి కాబట్టి లోపల తడవలేదు. వాటిని తుడిచి ఎండబెట్టింది జనార్దనరావే. ఏది మొదటిదో ఏది చివరిదో రాసిపెట్టాలని ఆ రోజు అతనికి తోచలేదు. ఇప్పుడు తోచింది.

ఫక్రుద్దీన్ హైదరాబాదు పాతబస్తీ మనిషి. ఒక్కో రీలు కొస బయటికి లాగి ఎండకు పట్టి చూశాడు.

"ఫికర్ మత్ కరో సాబ్. ఈ పిక్చర్ నేను చూశిన. వరస నేను పెడ్తా. మీరు బండెక్కుండ్రి."

దారిలో చెప్పుకోదగ్గది ఒకటే జరిగింది. మధ్యాహ్నం ఫక్రుద్దీన్ నమాజుకు దిగాడు. జనార్దనరావు పులిహోర పొట్లం విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. కిటికీలోంచి ఒక ఒంటె తల లోపలికి పెట్టి, అతని మొహంలోకి ఒకసారి చూసి, పులిహోర తినేసి వెళ్ళిపోయింది. అతను ఆపలేదు. ఫక్రుద్దీన్ వచ్చి "తిన్నరా సాబ్?" అనడిగితే, "అయిందండీ" అన్నాడు.

క్యాంపులో వాళ్ళను చూసి ఎవరూ లేచి నిలబడలేదు. రేకు గదుల నీడన మనుషులు మోకాళ్ళు పట్టుక్కూర్చున్నారు. వాళ్ళకు పెద్ద మేస్త్రీ ఇస్తారి. జగిత్యాల దగ్గర పల్లె. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఆ చూపు జనార్దనరావు చొక్కా మీద కొంతసేపు, గొడుగు మీద కొంతసేపు ఆగింది.

"గొడుగెందుకు సార్? మల్ల వానొస్తదా?"

"కాదండీ. కుక్కల కోసం."

"కుక్కలు లేవీడ."

జనార్దనరావుకు ప్రాణం కాస్త కుదుటపడింది.

"తోడేళ్ళొస్తయి. కుక్కల్ని అవే తిన్నయి," అన్నాడు ఇస్తారి. తర్వాత అసలు మాటకొచ్చాడు. "సార్, మీరు కొత్తోళ్ళు. మీ మీద మాకేం కోపం లేదు. కని బొమ్మ నడుమల ఆగినా, కథ సమజ్ గాకున్నా, రేపు ఒక్క మనిషి బండెక్కడు. గిది ముంగటనే చెప్తున్న."

పొద్దు వాలాక షేకు వచ్చాడు. తెల్లగడ్డం, నడుముకు వెండి ఒరలో వంకీ బాకు. వెనక ఎనిమిదిమంది రెండు వరసలుగా, పాట పాడుతూ, తుపాకులు భుజాన వేసుకుని వచ్చారు. క్యాంపు ముందుకొచ్చి ఆగి ఒక్కసారిగా తుపాకులు ఆకాశంలోకి పేల్చారు.

చప్పుడు సద్దుమణిగేసరికి జనార్దనరావు మిషను పెట్టిన బల్ల కింద ఉన్నాడు. గొడుగు కూడా తెరిచి ఉంది. ఎప్పుడు తెరిచాడో అతనికే తెలీదు.

ఫక్రుద్దీన్ వంగి చూశాడు. "సలాం కొడ్తుండ్రు సాబ్. చుట్టమొస్తే ఇట్లనే చేస్తరు వీళ్ళు. బయటికి రండి, షేక్ సాబ్ కాఫీ పోస్తుండు."

చాప మీద కూర్చోబెట్టి చిన్న పింగాణీ గిన్నెలో కాఫీ పోశారు. ఆ దేశంలో ఒక పద్ధతి ఉంది. ఇక చాలు అనుకున్నవాడు గిన్నెను అటూ ఇటూ ఆడించి ఇవ్వాలి. ఆడించకపోతే పోస్తూనే ఉంటారు. కొత్తగా వచ్చిన మనవాళ్ళు చాలామంది ఈ సంగతి తెలియక పదేసి గిన్నెలు తాగి, రాత్రంతా కళ్ళు తెరుచుకుని పడుకున్నవాళ్ళే. జనార్దనరావుకూ తెలియదు. కాని అతని చెయ్యి వణుకుతోంది. గిన్నె దానంతటదే ఆడింది. షేకు గిన్నె తీసేసుకుని పక్కవాడితో ఏదో అన్నాడు. పొద్దున్నుంచీ పస్తున్న జనార్దనరావు ఖాళీ చేతుల వైపు చూసుకున్నాడు.

"ఏమంటున్నారండీ ఆయన?"

చెప్పింది గంగన్న. క్యాంపు వంటవాడు. షేకు ఇంటికి మేకలు కొయ్యడానికి పోయి పోయి అరబ్బీ నేర్చాడు. "కంపెనీల ఇన్నొద్దులకు మర్యాద ఎరిగిన మనిషొచ్చిండు అంటుండు సార్."

చీకటి పడింది. రెండు రేకు గదుల మధ్య తెల్లగుడ్డ కట్టారు. ఫక్రుద్దీన్ ఒక రీలు ఎలా ఎక్కించాలో రెండుసార్లు చూపించాడు. జనరేటరు బెల్టు జారిపోతోంది కాబట్టి తను గదుల వెనక దాని దగ్గరే కూర్చోవాలన్నాడు.

"డబ్బాలు వరసగ పెట్టిన సాబ్, చాప మీద. ఒక్కొక్కటే తీస్కుంట పోవుడే."

నాలుగు డబ్బాలూ చక్కగా బారుగా ఉన్నాయి. జనార్దనరావు ఎడమ చివరి డబ్బా తీసి ఎక్కించాడు.

తెర మీద ఒక మట్టి వీధి కనిపించింది. వీధికి ఆ చివర నల్ల టోపీ పెట్టుకున్న దొంగ. ఈ చివర సన్నగా, పొడుగ్గా, కోటు తొడుక్కున్న ఒక మనిషి. అతని కుడి చేతిలో తుపాకీ ఉంది. ఎడమ చేతిలో గొడుగు ఉంది.

మనుషులందరూ తెర వైపు చూసి, వెనక్కి తిరిగి జనార్దనరావు వైపు చూశారు.

"సార్, గీనె మీ లెక్కనే ఉన్నడు గదా," అన్నాడు నర్సయ్య. నర్సయ్య కుర్రవాడేమీ కాదు, నలుగురు పిల్లల తండ్రి, కాని సినిమాకు ముందు వరసలో కూర్చునేవాడు.

జనార్దనరావు కథ చెప్పడం మొదలుపెట్టాడు. కౌబాయిల ఇంగ్లీషు అతనికి ఒక్క ముక్క అర్థం కావడం లేదు. వాళ్ళు నోటిలో ఏదో నములుతూ మాట్లాడుతున్నారు. కళ్ళకు కనిపించిందే చెప్పాడు. "ఈయన హీరో అండీ. మహా ధైర్యవంతుడు. వాడు దొంగ." గొడుగులాయన కాల్చాడు. దొంగ పడిపోయాడు. క్యాంపంతా ఈలలు. ఊరివాళ్ళు గొడుగులాయనను భుజాల మీద మోసుకుపోయారు. గౌను వేసుకున్న పిల్ల పరిగెత్తుకొచ్చి అతన్ని పట్టుకుంది. చర్చిలో పెళ్ళయింది. గొడుగు కింద ఇద్దరూ నిలబడ్డారు. వాళ్ళ మీద పెద్ద పెద్ద అక్షరాలు పడ్డాయి.

ది ఎండ్ అని.

జనార్దనరావు ఆ అక్షరాలను చదివాడు. ఇంకా మూడు డబ్బాలున్నాయి చాప మీద.

"ఏం రాశిండ్రు సార్ గంత పెద్దగ?" అన్నాడు ఇస్తారి.

"పెళ్ళయింది అని రాశారండీ."

"మేం జూశినం గదా పెండ్లి. మల్ల రాసుడెందుకు?"

"వాళ్ళ పద్ధతండీ. పెళ్ళయితే రాస్తారు."

ఇది సబబుగానే తోచింది ఇస్తారికి. గంగన్న ఈ మాట అరబ్బీలో చెబితే షేకు కూడా తలాడించాడు. కాగితం మీద రాసుకోవడం వాళ్ళలోనూ ఉంది. "నడువనీ సార్," అని నాలుగు మూలలనుంచీ కేకలొచ్చాయి. జనార్దనరావు రెండో డబ్బా అందుకున్నాడు, ఇదైనా మొదటిది కాకపోతుందా అని.

రెండో రీలు మొదలవుతూనే నల్ల టోపీ దొంగ గుర్రం మీద ఊళ్ళోకి వచ్చాడు.

ఇస్తారి లేచి నిలబడ్డాడు. అతని నీడ సగం తెర మీద పడింది.

"సార్. సచ్చినోడు మల్ల ఎట్ల లేశిండు?"

వెనక ఎవరో నులకమంచం జరిపారు. షేకు మనుషుల్లో ఒకడు పక్కనున్న తుపాకీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. జనార్దనరావుకు ఖురం కిటికీ కనిపించింది. వంటగట్టు కనిపించింది. ఆ గట్టు మీద రెండో ఆయన పెళ్ళాం స్టవ్వు పెడుతోంది.

"వాడు కాదండీ వీడు," అన్నాడు. "వాడి తమ్ముడు. కవలలు."

అరె, అనే మాట ఒకటి గాలిలా జనంలోంచి పోయింది. ఇస్తారి కూర్చున్నాడు. "అనుకున్న. పగ దీర్సుకోను వొచ్చిండు," అన్నాడు పక్కవాడితో. ఇంతకాలం ఇంగ్లీషు సినిమాల్లో ఏముంటుందో అనుకున్నాం గాని అన్నీ మన సినిమాల్లాగే ఉన్నాయని నర్సయ్య అందరికీ చెప్పాడు.

ఈ రీల్లో గొడుగులాయన తుపాకీ పట్టుకోవడం సరిగా రాని మనిషిలా ఉన్నాడు. చెయ్యి జారి పేలి, దీపం పగిలి, అది చూసి ఊరంతా అతన్ని మొనగాడనుకుంటోంది. తలుపు చప్పుడైతే మంచం కింద దూరుతున్నాడు. గౌను పిల్ల అతనితో సరిగా మాట్లాడడం లేదు.

"గంత మొగోడు గిట్లెట్ల అయిండు సార్?" అనడిగాడు గంగన్న, షేకు తరఫున కూడా.

"పెళ్ళయింది కదండీ," అన్నాడు జనార్దనరావు. ఇంకేం చెప్పాలో అతనికి తోచక అన్న మాట అది.

మగవాళ్ళందరూ పగలబడి నవ్వారు. గంగన్న అరబ్బీలోకి మార్చేసరికి ఎనిమిది తుపాకులూ నవ్వాయి. షేకు నవ్వలేదు, గడ్డం మాత్రం కదిలింది. ఆయనకు ముగ్గురు భార్యలు.

"నిజమే జెప్తున్నడుల్లా," అన్నాడు ఇస్తారి. "నా పెండ్లిగాక ముందు నేను ఒక్కన్నే ఎడ్లబండి లేవట్టిన."

ఈ నవ్వులు విని ఫక్రుద్దీన్ జనరేటరు వదిలి చూడ్డానికి వచ్చాడు. తెర వైపు చూశాడు. చాప మీద మిగిలిన డబ్బాల వైపు చూశాడు. జనార్దనరావు చెవి దగ్గరకు వంగాడు.

"సాబ్. ఉల్టా నడుస్తుంది. ఏ దిక్కునుంచి తీశిన్రు?"

"ఎడమనుంచండీ. మీరే కదా వరస పెట్టింది."

"నేను కుడినుంచి పెట్టిన సాబ్. మా ఉర్దూ కుడినుంచే గదా చదివేది."

తెర మీద గొడుగులాయన నీళ్ళతొట్టిలో దాక్కున్నాడు.

"మొదట్నుంచి వేద్దామంటారా?" అన్నాడు జనార్దనరావు.

"పెండ్లి చూశిన్రు. సచ్చినోన్ని చూశిన్రు. ఇప్పుడు పెండ్లే గాలేదు, వాడు సావనే లేదంటే ఊకుంటరా సాబ్? నడ్వనీయండి. అల్లా ఉన్నడు." ఫక్రుద్దీన్ జనరేటరు దగ్గరకు వెళ్ళిపోయాడు. మామూలుకంటే కొంచెం త్వరగానే వెళ్ళాడు.

మూడో రీలు గొడ్డుకష్టం పెట్టింది. అందులో గౌను పిల్ల గొడుగులాయనకు ఎదురుపడి, ఎవరో కొత్తవాడికి ఇచ్చినట్టు చెయ్యిచ్చి, పేరడిగింది.

"పెండ్లాం పేరడుగుతుందేంది సార్?"

"కోపమండీ. నువ్వెవరో నాకు తెలీదు అంటోంది."

ఇస్తారి తల పంకించాడు. "మా ఇంటామె గౌరవ్వ గిట్లనే జేస్తది. నేను ఉత్తరం రాయకుంటె మల్ల ఉత్తరంల పైన పేరు గూడ రాయది."

అక్కడినుంచి గొడుగులాయన బతుకు రోజురోజుకీ దిగజారింది. గుర్రం మీంచి పడ్డాడు. ఊరివాళ్ళు అతని గొడుగు లాక్కుని ఆడుకున్నారు. హోటల్లో సూపు గిన్నె అతని ఒళ్ళో ఒలికింది. నవ్వులు మెల్లగా తగ్గిపోయాయి. చూస్తున్న మనవాళ్ళు నూటికి నూరుమందీ ఇల్లు వదిలి వచ్చినవాళ్ళు. కొత్తగా దిగినప్పుడు తమను చూసి నవ్వినవాళ్ళు ఒక్కొక్కరికీ ఉన్నారు. నర్సయ్య మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకున్నాడు.

"ఇగ ఆడ ఎందుకు సార్ గీనె? ఇంటికి వోరాదు?" అన్నాడు తెర వైపు చూస్తూనే.

జనార్దనరావు నాలుగో డబ్బా తీశాడు. అది నిజానికి మొదటిది. కూత వేస్తూ రైలు వచ్చింది. రైలు మీద సినిమా పేరు, పనిచేసినవాళ్ళ పేర్లు పడ్డాయి.

"ఇప్పుడేం రాస్తుండ్రు?"

"ఆయన రైల్లో వెళ్తుంటే దారిలో వచ్చే స్టేషన్లండీ."

చాలా స్టేషన్లు వచ్చాయి. తర్వాత పట్నం వచ్చింది. రాళ్ళు పరిచిన వీధి, గుర్రపుబళ్ళు, సన్నగా వాన. గొడుగులాయన ఒక కొట్టు తెరుస్తున్నాడు. కొట్టు నిండా గొడుగులు వేలాడుతున్నాయి. ఒక ముసలామె వెనకనుంచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది.

ఈసారి జనార్దనరావు చెప్పకముందే నర్సయ్య చెప్పాడు. "తల్లి. ఇల్లు జేరిండు."

ఎవరూ ఈల వెయ్యలేదు. ముసలామె బల్ల మీద కంచం పెట్టింది. కొడుకు తిన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని అతను తినేది చూస్తోంది. గంగన్న షేకుకు అరబ్బీలో చెప్పడం మానేశాడు. చెప్పాల్సిన పని లేదు. వెనక వరసలో ఎవరో ముక్కు చీదారు. నూరుమంది ఊపిరి ఒక్కసారి కిందికి దిగడం జనార్దనరావుకు వినిపించింది. అతని భుజాలు కూడా దిగాయి. గట్టెక్కాను అనుకున్నాడు.

అప్పుడు తెర మీద ముసలామె లేచి, గదిలోంచి ఒక పెట్టె తెచ్చింది. మూత తీసింది. కొడుకు బట్టలు చేతిలోకి తీసుకుంది. పైటలాంటి గుడ్డతో కళ్ళొత్తుకుంది.

పెట్టె అంటే ఏమిటో, తల్లి కళ్ళొత్తుకోవడమంటే ఏమిటో ఆ క్యాంపులో ఒక్కరికీ ఇంగ్లీషు అక్కర్లేదు. చాప మీద కదలిక మొదలైంది. "మల్ల ఏడికి వోతుండు?" అన్నాడు నర్సయ్య. ఆ గొంతు బాగా లేదు.

జనార్దనరావు జీవితంలో ఎవరి మాటకూ అడ్డం వెళ్ళలేదు. ఒంటెను కూడా ఆపలేదు. ఇప్పుడు చెయ్యి చాపి మిషను మీట కిందికి నొక్కేశాడు. తెర చీకటైంది.

"అయిపోయిందండీ," అన్నాడు.

చీకట్లో ఎవరూ లేవలేదు. జనరేటరు దగ్గరనుంచి ఫక్రుద్దీన్ గొంతు వినిపించింది. "సాబ్, రీలు ఇంకా ఉండాలె గదా."

"ఖాళీ రీలు," అన్నాడు జనార్దనరావు. అతని గొంతు వణకలేదు. అది అతనికే వింతగా ఉంది.

ఎవరో లాంతరు వెలిగించారు. ఇస్తారి లాంతరు పట్టుకుని బల్ల దగ్గరకు వచ్చాడు. మిషను మీద సగమే చుట్టుకున్న రీలు చూశాడు. జనార్దనరావు మొహం చూశాడు.

"సార్. ఆ ముసలామె బట్టలు పెట్టెల పెట్టిందా, తీశిందా?"

"తీసిందండీ. ఊరినుంచి వచ్చాడు కదా. సర్దుతోంది."

ఇస్తారి చాలాసేపు చూశాడు. అతను ఇల్లు వదిలి ఆరేళ్ళు.

"మల్ల వోలేదా?"

"పోలేదు. కొట్టు చూసుకుంటూ అక్కడే ఉన్నాడు."

"పెండ్లాం?"

"ఆవిడ వెనకాల రైల్లో వచ్చింది. కోపం తగ్గింది."

"అయితె తీశిందే," అన్నాడు ఇస్తారి. వెనక్కి తిరిగి గట్టిగా, "బట్టలు తీశిందట. గీనె మల్ల యాడికి వోలే," అని అందరికీ చెప్పాడు. మనుషులు దులుపుకుని లేచారు. నవ్వుతూ లేచారు. ఎవరో గొడుగులాయన నడక నడిచి చూపిస్తున్నారు.

ఇంతలో షేకు లేచి జనార్దనరావు ఎదుటికి వచ్చాడు. గొడుగు వైపు చూసి గంగన్నను ఏదో అడిగాడు.

"ఆ మనిషి మీరేనా అని అడుగుతుండు సార్. కాయితం జూడకుండ అంత కథ ఎట్ల జెప్పిండు, ఆయనదే గాబట్టి, అంటుండు."

"అయ్యో, కాదని చెప్పవయ్యా."

గంగన్న అరబ్బీలో రెండు ముక్కలు చెప్పాడు. షేకు చెయ్యి గుండెల మీద పెట్టుకుని తల వంచాడు.

"ఏం చెప్పావు?"

"అవునని జెప్పిన సార్. నీళ్ళిచ్చేటాయన మాట కాదనుడెందుకు."

కవలలిద్దరి పీడా వదిలించిన మనిషికి మర్యాదగా షేకు మనుషులు మళ్ళీ తుపాకులు పేల్చారు. జనార్దనరావు మళ్ళీ బల్ల కిందికి వెళ్ళాడు. షేకు మెచ్చుకోలుగా చూసి ఒక మాటన్నాడు. అందుకే ఇన్నాళ్ళు బతికున్నాడని ఆ మాటకు అర్థమట. ఆ తర్వాత షేకు ఇంటినుంచి పెద్ద పళ్ళెంలో అన్నమూ మేకమాంసమూ వచ్చాయి. జనార్దనరావు మాంసం ముట్టడు. అన్నం మాత్రం పళ్ళేనికి ఒక పక్కంతా తిన్నాడు.

మర్నాడు పొద్దెక్కాక సత్యనారాయణమూర్తి జీపులో వచ్చాడు. దారిపొడుగునా తిట్లు సిద్ధం చేసుకుని వచ్చినట్టు మొహం చూస్తేనే తెలుస్తోంది. క్యాంపులో మనుషులు లేరు. బళ్ళు లేవు. గంగన్న గిన్నెలు తోముతున్నాడు. రోడ్డు వైపునుంచి రోలరు చప్పుడు వస్తోంది. తారు డబ్బాల కోసం వెనక్కి వచ్చిన ఇస్తారి ఒక్కడే కనిపించాడు.

"ఎక్కడయ్యా అందరూ?"

"డ్యూటీల ఉన్నరు సార్. ఎప్పుడో వోయిండ్రు."

"ఏం సినిమా వేశాడు మా జనార్దనరావు?"

"మంచిగున్నది సార్. గసొంటిది నేను జూడలే. ఇగ ప్రతి శుక్రారం గదే ఎయ్యాలె. వేరేది మాకొద్దు."

మూర్తి జనార్దనరావు వైపు తిరిగాడు. అతనిలో ఏదో మారిందేమోనని పైనుంచి కింది దాకా చూశాడు. ఏమీ మారలేదు. చొక్కాకు మట్టి అంటింది, అంతే. సిద్ధం చేసుకున్న తిట్లు లోపలే దాచుకుని, జేబులోంచి తాళంచెవి తీసి చేతిలో పెట్టాడు.

"పోయి కామేశ్వరమ్మకి ఉత్తరం రాసుకో. ఇక నువ్వు ఇటు రానక్కర్లేదులే. ఆపరేటరుకి బుగ్గలు తగ్గుతున్నాయట. వచ్చే శుక్రవారం ఇదే బొమ్మ అతనే వేస్తాడు. తెలిసినవాడు, సరిగ్గా వేస్తాడు."

జనార్దనరావు తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. సరిగ్గా వేస్తాడు అన్న మాట దగ్గర, దాన్ని జేబులో వేసుకోబోయిన చెయ్యి ఆగింది. ఇస్తారి కూడా అటు వెళ్తున్నవాడు ఆగాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇస్తారి రోడ్డు మీద గీతలు గీసే తెల్ల పెయింటు డబ్బా, కుంచె తెచ్చి బల్ల మీద పెట్టి పనికి పోయాడు.

మూర్తి టీ తాగేంతసేపట్లో జనార్దనరావు నాలుగు డబ్బాలూ రాత్రి వేసిన వరసలోనే చాప మీద బారుగా పెట్టాడు. ఎడమనుంచి కుడికి, పెద్ద అంకెలతో, ఒకటి రెండు మూడు నాలుగు అని వేశాడు. నాలుగో దాని మీద అంకె పక్కన 'సగం వరకే' అని ఇంగ్లీషులో రాసి, స్టోర్సు తరఫున సంతకం పెట్టాడు.